ఎనిమిదిమందికి 300 లీటర్లు: ఫుకెట్‌లో కేటమరాన్ సెలవు, ఒక సమీక్ష

ఫుకెట్ వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా చేసేది ఒకటే. పొద్దున్నే స్పీడ్‌బోటు ఎక్కి, ముప్ఫై నలభై మందితో కలిసి మూడు దీవులు చుట్టేసి, సాయంత్రానికి ఎండకి కమిలిపోయి హోటలుకి చేరడం. అవే నీళ్ళలో వారం రోజులు పడవ మీదే వండుకుని తిని, పడవలోనే పడుకుని తిరిగే ఏర్పాటు కూడా ఉంది. ఇక్కడ సమీక్షిస్తున్నది దాన్నే: లగూన్ 42 అనే ఫ్రెంచి కేటమరాన్‌ని (పక్కపక్కన రెండు డొక్కలున్న తెరచాప పడవ) స్కిప్పర్‌తో, అంటే పడవ నడిపే మనిషితో సహా అద్దెకి తీసుకుని, ఫుకెట్ తూర్పు తీరంలో ఎక్కి, ఫాంగ్‌న్గా అఖాతం, రైలే, ఫీ ఫీ దీవుల మీదుగా తిరిగొచ్చే వారం. ఈ రకం పడవల్ని చాలా కంపెనీలు తిప్పుతున్నాయి. పడవ అదే అయినా మరమ్మతుల్లో మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. అందుకే కంపెనీల పేర్ల జోలికి వెళ్ళకుండా, ఎక్కేవాళ్ళు ఏం చూసుకోవాలో చెప్తున్నాం.

మా మాట ముందే చెప్పేస్తాం. కుటుంబానికి ఇది బాగుంటుంది, చాలా బాగుంటుంది. కాకపోతే దీన్ని నీటి మీద తేలే హోటలనుకుని ఎక్కినవాళ్ళు రెండోరోజు రాత్రికే మొహాలు మాడ్చుకుంటారు. నీళ్ళ ట్యాంకు, బ్యాటరీ, టాయిలెట్ పంపు, సముద్రపు ఆటుపోటు. వారం ఎలా గడవాలో తేల్చేవి ఇవే. బ్రోచర్లలో ఉండనివీ ఇవే.

ముందు పడవ సంగతి. లగూన్ 42 మార్కెట్లోకి వచ్చింది 2016లో. పొడవు 12.80 మీటర్లు, వెడల్పు 7.70. ఇంత వెడల్పున్నా నీటి కింద ఉండేది 1.25 మీటర్లే కాబట్టి లోతు తక్కువున్న ఫాంగ్‌న్గాలో నిశ్చింతగా తిరుగుతుంది. రెండు డొక్కలు, ఒక్కో డొక్కలో ఒక్కో ఇంజను, 300 లీటర్ల చొప్పున రెండు డీజిల్ ట్యాంకులు. నాలుగు గదుల నమూనాలో బాత్రూములు రెండే ఉన్న పడవలున్నాయి, నాలుగున్నవీ ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే నాలుగున్నదే అడగండి. చెడిపోయే పంపులు రెండు ఎక్కువవుతాయన్నది నిజమే, కానీ అర్ధరాత్రి తన వైపు బాత్రూము ఖాళీ లేక నానమ్మ నాలుగు మెట్లెక్కి, హాలు దాటి, మళ్ళీ నాలుగు మెట్లు దిగి అవతలి డొక్కలోకి వెళ్ళాల్సిన పని ఉండదు.

నాలుగు గదులంటే ఎనిమిదిమంది పడతారని లెక్క వేసేస్తారు. స్కిప్పర్ ఎక్కడ పడుకుంటాడో అడగడం మర్చిపోతారు. కొన్ని పడవల్లో ముక్కు దగ్గర, పైనుంచి మూత తీసి దిగే చిన్న అర ఉంటుంది. గాలి ఆడదు, నిటారుగా కూర్చోడానికి కుదరదు. అది కూడా లేకపోతే మీ నాలుగు గదుల్లో ఒకటి ఆయనకి ఇవ్వాలి. రాత్రంతా నిద్రలేని స్కిప్పర్ చేతిలో పిల్లల్ని పెట్టుకుని పొద్దున్నే లంగరెత్తడం మంచి ఆలోచన కాదు. మా లెక్కలో ఈ పడవ ఆరుగురికి హాయి, ఎనిమిదిమందికి ఇరుకు. స్కిప్పర్ లేకుండా సొంతంగా నడిపే పద్ధతీ ఉంది. ఆటుపోట్లున్న నీళ్ళలో అలవాటు లేనివాళ్ళు దాని జోలికి వెళ్ళకపోవడం మేలు.

తెరచాప మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. ముందు చాప దానంతటదే పక్క మార్చుకునే రకం కాబట్టి తాళ్ళు లాగే పని తక్కువ. కానీ అది చిన్నది. గాలి మరీ తక్కువగా ఉంటే పడవ మూడు నాట్లు దాటదు, అంటే గంటకి అయిదున్నర కిలోమీటర్లు. చురుగ్గా నడిచే మనిషి దాన్ని దాటేస్తాడు. ఎదురుగాలికి దగ్గరగా వెళ్ళడం కూడా దీనికి చేతకాదు. అలలకి ఎదురెళ్తే రెండు డొక్కల మధ్య అడుగుభాగానికి నీళ్ళు దభీదభీమని కొట్టుకుంటాయి. మొదటిసారి విన్నవాళ్ళు పడవ పగిలిందనుకుంటారు, ఏమీ కాదు. వారంలో సగానికి పైగా ఇంజను మీదే నడుస్తుందని ముందే అనుకోండి. మామూలు వేగంలో ఒక్కో ఇంజను గంటకి నాలుగైదు లీటర్లు తాగుతుంది. తొందర లేనప్పుడు ఒక ఇంజను ఆపేసి అయిదు నాట్లతో వెళ్తే డీజిలూ, చప్పుడూ రెండూ సగమవుతాయి.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలులు, ఈ పర్యటనకి అదే కాలం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలీ ఉంటుంది, ఎండా ఓర్చుకునేలా ఉంటుంది. మన వేసవి సెలవులు మొదలయ్యే ఏప్రిల్లో గాలి పడిపోయి ఉక్క మొదలవుతుంది. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి. అఖాతం లోపల కొంత చాటు దొరుకుతుంది గానీ ఉన్నట్టుండి వానజల్లులతో గాలి విరుచుకుపడుతుంది, ఫీ ఫీ వైపు సముద్రం ఎగుడుదిగుడుగా ఉంటుంది. సంక్రాంతి సెలవులకి సరిపోయే ప్రయాణం ఇది.

ఇక నీళ్ళు. ఈ పడవకి మామూలుగా వచ్చే మంచినీళ్ళ ట్యాంకు 300 లీటర్లు. రెండో ట్యాంకు పెట్టించుకున్న పడవలూ ఉన్నాయి, అది ముందే అడగాలి. షవరు నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్లు పోస్తుంది. ఒక పిల్లాడు పాట పాడుకుంటూ అయిదు నిమిషాలు నిలబడితే 35 లీటర్లు గోవిందా. ఎనిమిదిమంది అలా ఒక్కసారి చేస్తే ట్యాంకు దాదాపు ఖాళీ, వంటకి పెద్దగా మిగలదు. అదే జాగ్రత్తగా వాడితే మనిషికి రోజుకి 15 నుంచి 20 లీటర్లలో గడుస్తుంది, అప్పుడైనా ట్యాంకు రెండు రోజులే.

దీనికి మన ఇళ్ళలో చెంబుకి మించిన మందు లేదు. పడవ వెనక మెట్ల మీద చిన్న చేతిషవరు ఉంటుంది. ముందు సముద్రంలో మునిగి పైకి రావాలి, తలకి షాంపూ, ఒంటికి లిక్విడ్ సోపు రుద్దుకోవాలి (మామూలు సబ్బుబిళ్ళ ఉప్పునీటిలో నురగ రాదు, తెట్టు కడుతుంది), మళ్ళీ మునగాలి, చివర్లో మూడు చెంబుల మంచినీళ్ళు పోసుకోవాలి. మూడు లీటర్లలో స్నానం అయిపోతుంది. షవరు వదిలితే ఎన్ని లీటర్లు పోయాయో ఎవరికీ తెలియదు. చెంబుకైతే లెక్క ఉంటుంది. ప్లాస్టిక్ చెంబొకటి పెట్టెలో వేసుకెళ్ళండి, పడవ మీద దొరకదు.

తాగే నీళ్ళు వేరు. మనిషికి రోజుకి మూడు లీటర్లు వేసుకుంటే ఎనిమిదిమందికి వారానికి 168 లీటర్లు. అంతా ఒకేసారి ఎక్కిస్తే పెట్టే చోటుండదు, సగం ఎక్కించి మిగతా సగం ఫీ ఫీ డాన్ దీవిలో కొనుక్కోవచ్చు. కొన్ని పడవల్లో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే యంత్రం ఉంటుంది, గంటకి 60 నుంచి 100 లీటర్లు తీసే రకాలు మామూలు. అది ఉందని ధైర్యం చెప్పే ఏజెంటు ఒక సంగతి చెప్పడు. ఫాంగ్‌న్గా అఖాతం ఉత్తరభాగంలో నీళ్ళు నదుల ఒండ్రుతో, మడ అడవుల బురదతో చిక్కగా ఉంటాయి. అక్కడ ఆ యంత్రం పెడితే వడపోత గొట్టాలు గంటల్లో మూసుకుపోతాయి. తేట నీళ్ళున్న చోటికి వచ్చాకే పెట్టాలి, అంటే పర్యటనలో మొదటి మూడు రోజులు అది ఉన్నా లేనట్టే.

ఇంకొకటి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా ఎక్కడో గర్రుమని పంపు తిరుగుతూ ఉంటే ట్యాంకు అయిపోయిందన్నా అనుకోవాలి, ఎక్కడో కారుతోందన్నా అనుకోవాలి. వెంటనే స్విచ్ బోర్డులో పంపు ఆపి స్కిప్పర్‌ని లేపండి. పొడిగా తిరిగిన పంపు కాలిపోతుంది, ఆ తర్వాత ట్యాంకులో నీళ్ళున్నా కుళాయిలో రావు.

నీళ్ళ తర్వాత కరెంటు. ఉదాహరణకి బ్యాటరీలు 12 వోల్టుల్లో 420 ఆంపియర్ గంటలు అనుకుందాం. సీసం రకం బ్యాటరీలైతే సగమే వాడాలి, అంటే 210. ఫ్రిజ్ ఒక్కటే రోజుకి అరవై దాకా తింటుంది, ఎండాకాలం పిల్లలు మాటిమాటికీ తలుపు తెరిస్తే ఇంకా ఎక్కువ. మీటరు 12.2 వోల్టుల దగ్గరికి దిగిందంటే ఇంజను పెట్టాల్సిందే. 750 వాట్ల మిక్సీ ఇన్వర్టరు మీద డెబ్భై ఆంపియర్ల దాకా లాగుతుంది, కానీ రెండు నిమిషాలే కాబట్టి ఖర్చు రెండున్నర ఆంపియర్ గంటలు మించదు. కొబ్బరి పచ్చడికి ఢోకా లేదు. అదే కరెంటు రైస్ కుక్కరు అరగంట పెడితే ముప్ఫై దాకా పోతుంది. ఇండక్షన్ పొయ్యి ఆలోచనే వద్దు. ఫోన్లు, కెమెరాలు పగలు ఇంజను నడిచేటప్పుడు చార్జి చేసుకోవాలి.

ఏసీకి జెనరేటరు కావాలి. అది గంటకి రెండు మూడు లీటర్ల డీజిలు తాగుతుంది, రాత్రంతా గుర్రుపెడుతుంది. చాలా కంపెనీలు జెనరేటరుకి గంటల పరిమితి పెడతాయి, లేదా విడిగా డబ్బు తీసుకుంటాయి. ఒప్పందంలో ఆ వాక్యం వెతికి చదవండి. జనవరిలో అయితే ఏసీ అవసరమే పడదు. లంగరు మీదున్న పడవ ముక్కు ఎక్కువగా గాలి వైపే తిరిగి ఉంటుంది, గది పైకప్పు మూత తెరిస్తే గాలి నేరుగా మంచం మీదకి వస్తుంది. వానొస్తే మాత్రం మొదట తడిసేది పరుపే.

టాయిలెట్ గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి, ఎందుకంటే వారం పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఇంట్లో గొట్టం నాలుగంగుళాలుంటే ఇక్కడ ఒకటిన్నర అంగుళం. తిన్నది తప్ప ఇంకేదీ అందులో పడకూడదు. కాగితం పక్కనున్న బుట్టలోకి. తడి వైప్స్, శానిటరీ ప్యాడ్, రాలిన జుట్టు, ఏది పడ్డా పంపు రెక్కలకి చుట్టుకుంటుంది. విప్పి తీయడం స్కిప్పర్‌కి రెండు గంటల పని, దాని ఖర్చు మీ డిపాజిట్లోంచి. మనవాళ్ళకి నీళ్ళు వాడే అలవాటు కలిసొచ్చే చోటిది. బాత్రూములోని చేతిషవరుతో పని జరిగిపోతుంది, కాగితం బెడదే ఉండదు. ఫ్లష్ చేశాక ఇంకో పది సెకన్లు నొక్కి ఉంచాలి, గొట్టంలో ఆగిపోయినదే తర్వాత గట్టిపడి అడ్డం పడుతుంది. పొద్దున్నే మొదటి ఫ్లష్‌కి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే కంగారు పడొద్దు. రాత్రంతా గొట్టంలో నిలిచిన సముద్రపు నీటిలో కంటికి కనపడని జీవులు చచ్చిన వాసన అది. నిల్వ ట్యాంకు 80 లీటర్లయితే ముప్ఫై ఫ్లష్‌లకి నిండిపోతుంది. తీరానికి దూరంగా వెళ్ళాక స్కిప్పర్ దాన్ని ఖాళీ చేస్తాడు. అందుకే ఒకేచోట మూడు రాత్రులు లంగరేద్దామంటే ఆయన మొహం అదోలా పెడతాడు.

వంటకొస్తే, గ్యాసు పొయ్యి చిన్నది, మూడు బర్నర్లుంటే గొప్ప. అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కరు ఒకటి తీసుకెళ్తే సగం సమస్య తీరినట్టే: మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఊగినా ఒలకదు, గ్యాసు తక్కువ, ఆవిరి తక్కువ. ఫుకెట్ సూపర్ మార్కెట్లలో బియ్యమంటే జాస్మిన్ రకం. సోనామసూరికి పోసినట్టు నీళ్ళు పోస్తే ముద్దయిపోతుంది, గ్లాసుకి గ్లాసుంబావు చాలు. కందిపప్పు, చింతపండు, కారం, ఇంగువ, కరివేపాకు పొడి ఇంటి నుంచే. ఆవకాయ సీసా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, సింకు కింద నిలబెట్టండి. తెల్లటి సోఫా మీద నూనె మరక పడితే అదీ డిపాజిట్ లెక్కలోకే వస్తుంది.

పోపు వేసేటప్పుడు ఎండుమిరప ఘాటు హాలంతా కమ్ముకుంటుంది, గాలి ఎదురు తిరిగితే నాలుగు గదుల్లోకీ పాకుతుంది. గాలి పోయే వైపు కిటికీ తెరిచి, పొయ్యి పైన మూత ఎత్తి, అప్పుడు మిరపకాయ వేయాలి. బజ్జీలు, పూరీలు మాత్రం వద్దు. లంగరు మీద అద్దంలా కదలకుండా ఉన్న పడవ కూడా, దూరాన స్పీడ్‌బోటు పోయిన రెండు నిమిషాలకి ఆ అల తగిలి ఒక్కసారిగా ఊగుతుంది. కేటమరాన్లో పొయ్యి పడవతోపాటు వాలకుండా ఊగే రకం కాదు, బిగించేసి ఉంటుంది. మూకుడులో కాగే నూనె ఎటు పోతుందో ఊహించుకోండి. పొయ్యి పని అవగానే గోడకున్న గ్యాసు స్విచ్ ఆపేయడం అలవాటు చేసుకోవాలి. ఈ గ్యాసు గాలి కంటే బరువు, కారితే పైకి పోదు, డొక్క అడుగుకి దిగి కూర్చుంటుంది.

వంటమనిషితో సహా తీసుకుంటే శాకాహారులు ఒక మాట నేర్చుకోవాలి: 'జే'. థాయ్ వాళ్ళ లెక్కలో కూరగాయల వంటకంలో చేపసాసు వేయడం తప్పు కాదు, అది వాళ్ళకి ఉప్పుతో సమానం. 'జే' అంటే మాంసం, చేపసాసు, గుడ్డు ఏదీ లేనిది. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. ఉల్లి, వెల్లుల్లి ముట్టని అత్తగారికి సైతం సరిపోతుంది.

ఇప్పుడు అసలైన సంగతి, ఆటుపోటు. ఇక్కడ రోజుకి రెండు పోట్లు (నీళ్ళు ఎక్కడం), రెండు ఆట్లు (నీళ్ళు తీయడం), ఒక్కోదానికి ఆరుగంటల చిల్లర. రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి చుట్టూ నీటిమట్టం తేడా రెండున్నర మీటర్లు దాటుతుంది. అష్టమి చుట్టూ మీటరు అటూ ఇటూ. పెద్ద పోటు సరిగ్గా తిథి రోజున కాకుండా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, విదియ ప్రాంతంలో వస్తుంది. కాబట్టి గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు మీకు పనికొచ్చే పటం. బుక్ చేసేముందు తిథులు చూసుకోండి. గుహల్లోకి వెళ్ళాలని ఉంటే పెద్ద పోటు రోజులు, ముసలివాళ్ళతో తీరానికి సులువుగా దిగాలంటే చిన్న పోటు రోజులు.

ఫాంగ్‌న్గాలో చూడాల్సింది హాంగ్‌లు. థాయ్‌లో హాంగ్ అంటే గది. సున్నపురాయి దీవి బయట నుంచి గోడలా ఉంటుంది, లోపల కప్పు కూలిపోయి ఆకాశం కనపడే చెరువు, చుట్టూ నిలువు కొండ, మధ్యలో మడ చెట్లు. లోపలికి దారి నీటిమట్టంలో ఉన్న సొరంగం ఒక్కటే. నీళ్ళు నిండుగా ఉంటే సొరంగం మూసుకుపోతుంది, మరీ తీసేస్తే బురద, కత్తుల్లాంటి ముత్యపుచిప్పల అంచులు. మధ్యలో దొరికే గంటా గంటన్నరే సమయం. నీళ్ళు ఎక్కుతున్నప్పుడు లోపలికి వెళ్ళి ఫోటోలు తీసుకుంటూ కూర్చుంటే, వెనక్కి వచ్చేసరికి కయాక్‌లో వెల్లకిలా పడుకున్నా ముక్కు రాతికి తగులుతుంది. ఇంకా ఆలస్యమైతే తర్వాతి ఆటు దాకా లోపలే. కో పనక్ దీవిలో ఇలాంటి గుహలు నాలుగైదు ఉన్నాయి. టార్చి, తలకి టోపీ, కాళ్ళకి రబ్బరు చెప్పులు ఉండాలి. స్కిప్పర్ పొద్దున్న ఆరున్నరకే బయల్దేరదామంటే టిఫిన్ అవలేదని బేరమాడకండి. ఆయన చూస్తున్నది గడియారాన్ని కాదు, నీటిమట్టాన్ని.

మొదటిరోజు ఫుకెట్ తూర్పు తీరంలోని ఆవ్ పో నుంచి కో పనక్‌కి ఏడెనిమిది నాటికల్ మైళ్ళు, గంటంబావు ప్రయాణం. అక్కడినుంచి రెండు మైళ్ళలో కో హాంగ్. అదే పేరుతో క్రాబీ వైపు ఇంకో దీవి ఉంది, ఏజెంటు ఏది చెప్తున్నాడో కనుక్కోండి. మేకులా నిలబడ్డ కో తపూ రాతి దగ్గరికి పడవల్ని 1998 నుంచి రానివ్వడం లేదు, పక్క దీవి ఒడ్డు నుంచే చూడాలి. తొమ్మిదిలోపు వెళ్తే మనుషులు కాకుండా రాయి కనిపిస్తుంది. జాతీయ పార్కు రుసుము విదేశీ పెద్దలకి 300 బాట్లు, పిల్లలకి 150. ఫీ ఫీ పార్కులో 400, 200. స్తంభాల మీద కట్టిన కో పన్యీ ముస్లిం మత్స్యకారుల ఊరు. ఈతదుస్తులతో దిగిపోకండి.

ఈ అఖాతంలో నీళ్ళు ఆకుపచ్చగా, మబ్బుగా ఉంటాయి. ప్రకటనల్లో కనిపించే నీలం ఇక్కడ లేదు. నీటి అడుగు చూడాలన్న పిల్లల్ని మూడు రోజులు ఆగమనాలి. కో యావో నోయ్ ఉత్తరపు కొస నుంచి రైలేకి పదిహేను మైళ్ళు, రైలే నుంచి ఫీ ఫీ డాన్‌కి పదిహేడు. ఈ రెండో దూరమే కొంచెం బయటి సముద్రం, కడుపులో తిప్పేదీ ఇక్కడే. వాంతుల మాత్ర ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికొస్తుంది. చిన్నపిల్లలకి డాక్టరునడిగి మాత్రమే. గదిలోకి వెళ్ళి పడుకోవడం కాకుండా బయట కూర్చుని దూరాన నీళ్ళూ ఆకాశం కలిసే గీతని చూస్తూ ఉంటే తగ్గుతుంది.

ఫీ ఫీ లే దీవిలోని మాయా బే 2018లో మూసేసి, 2022 జనవరిలో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు పడవలు ముందువైపు రావు. వెనక ఉన్న 'లో సమా' అనే చోట దిగి చెక్క దారిలో నడిచి వెళ్ళాలి. ఈత నిషేధం, మోకాళ్ళ లోతు దాకానే. ఏటా ఆగస్టు, సెప్టెంబరు మూసి ఉంటుంది. రద్దీలో చూడ్డానికి అరగంట చాలు. దానికంటే ఫుకెట్‌కి దక్షిణాన ఉన్న రాచా యాయ్ దీవి దగ్గర ఒక రోజు ఎక్కువుంచుకోండి. ఫీ ఫీ నుంచి పాతిక మైళ్ళు, కానీ అడుగు కనిపించే నీళ్ళు. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు వెనక పేర్లు చదవాలి: ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటిని పగడాల కోసం థాయ్‌లాండ్ జాతీయ పార్కుల్లో 2021లో నిషేధించారు. జరిమానా లక్ష బాట్ల దాకా. పొడుగు చేతుల ఈత చొక్కా వేస్తే అసలు క్రీమే తక్కువ పడుతుంది, జెల్లీ చేపల నుంచీ కాపాడుతుంది. జెల్లీ చేప తగిలితే మంచినీళ్ళు పోయకూడదు, రుద్దకూడదు, వెనిగర్ అరనిమిషం ధారగా పోయాలి. వంటింట్లో వెనిగర్ సీసా ఉందో లేదో మొదటిరోజే చూసుకోండి.

పిల్లలకి లైఫ్ జాకెట్ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే నీళ్ళలో పడగానే జాకెట్ పైకి లేచి తల లోపలికి జారుతుంది. డెక్ చుట్టూ ఉన్న తీగల కింద నుంచి నాలుగేళ్ళ పిల్ల సులువుగా దూరిపోతుంది. వల కట్టించమని బుకింగ్ రోజునే రాతపూర్వకంగా అడగాలి, వచ్చాక అడిగితే దొరకదు. చీర కొంగు, చున్నీ లంగరు గొలుసు తిరిగే చోటికి, విప్పేసిన తాళ్ళ దగ్గరికి పోకూడదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పెద్ద పడవ ఇబ్బంది పెట్టదు, చిన్న రబ్బరు పడవలోంచి ఒడ్డుకి దిగడమే కష్టం. ఆటు సమయంలో ఒడ్డు వంద గజాలు వెనక్కి పోతుంది, మోకాలి లోతు బురదలో నడవాలి. అలాంటప్పుడు ఊళ్ళోని పొడుగుతోక పడవని పిలిపించుకోవడమే మర్యాద.

లంగరు దగ్గర ఒక లెక్క స్కిప్పర్‌తో కలిసి చూడండి. ఆటులో లోతు అయిదు మీటర్లు, పోటుకి పెరిగేది రెండున్నర, ముక్కు ఎత్తు ఒకటిన్నర, మొత్తం తొమ్మిది. దానికి అయిదు రెట్లు, 45 మీటర్ల గొలుసు వదలాలి. పాతిక వదిలి పడుకునే స్కిప్పర్ మంచివాడే కావచ్చు, కానీ అర్ధరాత్రి పోటుకి పడవ జారుతుంది. రాత్రి ప్రయాణం ఒప్పుకోకండి. జాలర్ల వలల తాళ్ళు పగలే కష్టంగా కనిపిస్తాయి, రాత్రి నేరుగా ప్రొపెల్లరుకే చుట్టుకుంటాయి.

అప్పగించే రోజున గంటన్నర కేటాయించి అన్నీ నడిపించి చూడాలి. ఇంజను పెట్టగానే వెనక గొట్టంలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయా? లేకపోతే సముద్రపు నీళ్ళు పీల్చే చోట ప్లాస్టిక్ సంచో, జెల్లీ చేపో అడ్డుపడిందని అర్థం, అయిదు నిమిషాల్లో ఇంజను వేడెక్కి కూర్చుంటుంది. లంగరు మోటారు మధ్యలో ఆగితే కాలిపోయిందనుకోవద్దు, దాని బ్రేకరు పడిపోయి ఉంటుంది, ఎక్కడుందో ముందే చూపించుకోండి. చిన్న పడవ మోటారు రెండు నిమిషాలు నడిచి చచ్చిపోతుంటే పదిలో ఎనిమిదిసార్లు పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి మర బిగించి ఉండటమే కారణం. విప్పితే చాలు. దాన్ని నడిపేవాళ్ళ మణికట్టుకి ఎర్ర తాడు తప్పనిసరి, మనిషి పడిపోతే మోటారు ఆగేది దానివల్లే.

ధర అడిగినప్పుడు వారం అద్దె ఒక్కటే చెప్తారు. స్కిప్పర్ రోజుకూలి, ఆయన తిండి, డీజిలు, జెనరేటరు, పార్కు రుసుములు, 7 శాతం వ్యాట్, దుప్పట్లు, చివర్లో బక్షీసు కలిపి ఎంతో ఒకే కాగితం మీద రాయించుకోండి. డిపాజిట్ కార్డు మీద ఆపి ఉంచుతారు, అందుకు సరిపడా విదేశీ పరిమితి మీ కార్డుకి ఉందో లేదో బ్యాంకుతో ముందే మాట్లాడాలి. తిరిగిచ్చేటప్పుడు డైవరు ఒకడు నీళ్ళలోకి దిగి అడుగు చూస్తాడు. గీతలు కొత్తవో పాతవో తేల్చేది ఫోటోలే. అందుకని ఎక్కిన రోజునే రెండు డొక్కల చివర్లు, తెరచాప అంచులు, రబ్బరు పడవ అడుగు, దాని మోటారు ప్రొపెల్లర్ మూడు రెక్కలు తేదీ పడేలా ఫోనులో తీసి, అక్కడే కంపెనీవాళ్ళకి పంపేయండి.